గ్రంథకర్తకూ పాఠకునికీ నడుమ: చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితం, గ్రంథప్రకటన కృషి

గ్రంథం రచించడం ఒక పని. రచించిన గ్రంథాన్ని పాఠకుని చేతికి చేర్చడం మరొక పని. మొదటిదానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం కారణాలని ఆలంకారికులు నిరూపించారు. రెండవదానికి ధనం, సాధనాలు, వ్యవహారజ్ఞానం, సహనం కావలసి ఉంటాయి. సాహిత్యచరిత్రకారులు మొదటి పనిని విస్తరించి వ్రాశారు గాని రెండవదానిని గురించి వ్రాసినది తక్కువ. ఏ కావ్యం ఎవరి ఖర్చుతో ప్రతికెక్కింది, ఎవరు దానిని పరిష్కరించారు, ఏ అచ్చుకూటంలో ముద్రితమైంది, నష్టం వస్తే ఎవరు భరించారు అనే ప్రశ్నలకు సమాధానం తెలిసినప్పుడే ఒక భాషలో వాఙ్మయం ఎలా నిలిచిందో సంపూర్ణంగా బోధపడుతుంది. తెలుగున ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట సమాధానమిచ్చే జీవితం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్‌ది. నిఘంటుకర్తగా, వేమన పద్యాల అనువాదకుడుగా ఆయన సుప్రసిద్ధుడు. గ్రంథప్రకాశకుడుగా ఆయన పడిన శ్రమ అంతగా చర్చకు రాలేదు.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, ఫోర్ట్ విలియం కళాశాల నిర్వాహకులలో ప్రముఖుడు. ప్రాచ్యభాషల అధ్యయనానికీ, దేశభాషా గ్రంథాల ముద్రణకూ ఆనాడు ఆ కళాశాల ప్రధానకేంద్రం. పండితులు, లేఖకులు, అచ్చుపని ఎరిగినవారు కూడి పుస్తకాన్ని సిద్ధపరచే వాతావరణానికి సమీపంలో బ్రౌన్ బాల్యం గడిచింది. తండ్రి తన పిల్లలకు హీబ్రూ మొదలైన ప్రాచీన భాషలు స్వయంగా నేర్పాడు. 1812లో ఆయన మరణించిన తరువాత కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ కొలువులో చేరబోయేవారికి శిక్షణ ఇచ్చే హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించుకొని బ్రౌన్ 1817 ఆగస్టులో మద్రాసు రేవులో దిగాడు.

మద్రాసులో 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల కంపెనీ యువోద్యోగులకు దక్షిణదేశ భాషలు నేర్పేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు వద్ద బ్రౌన్ తెలుగు ఓనమాలు దిద్దాడు. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియమితుడైనాడు. కచేరీలో రైతులు మాట్లాడే తెలుగు ఒకటి, కళాశాలలో నేర్చిన పుస్తకాల తెలుగు మరొకటి. ఈ అంతరం తొలినాళ్ళలోనే ఆయన దృష్టికి వచ్చింది. తరువాతి కాలంలో ఆయన కూర్చిన నిఘంటువులకు ఈ అనుభవమే బీజం.

ఆనాటి గ్రంథవ్యవస్థ

బ్రౌన్ చేసిన పని విలువ తెలియాలంటే 19వ శతాబ్ది తొలి పాదంలో తెలుగు పుస్తకం ఏ స్థితిలో ఉన్నదో పరిశీలించాలి. పూర్వం కవికీ కృతిభర్తకూ మధ్య సాక్షాత్సంబంధం ఉండేది. కవి కావ్యాన్ని అంకితమిచ్చేవాడు. ప్రభువో మంత్రియో వర్తకుడో దానిని స్వీకరించి అగ్రహారమో ధనమో బహూకరించేవాడు. ఆ సత్కారంతో కవికి లభించవలసిన ప్రతిఫలం ముగిసేది. ఆ పిమ్మట కావ్యానికి ఎన్ని ప్రతులు పుట్టినా కవికి వచ్చేది కీర్తియే గాని ధనం కాదు. ప్రతి వ్రాయించుకొన్నవాడు లేఖకునికి కూలి ఇచ్చేవాడు. 32 అక్షరాలు ఒక గ్రంథమని లెక్కకట్టి, గ్రంథసంఖ్యను బట్టి ఆ కూలి నిర్ణయించే ఆచారం ఉండేది. కాబట్టి పుస్తకం ధర కవిత్వాన్ని బట్టి కాక అక్షరాల లెక్కను బట్టి ఉండేది.

విజయనగరం, తంజావూరు, మధుర ఆస్థానాలు అంతరించిన తరువాత ఈ వ్యవస్థకు ఆధారం సన్నగిల్లింది. జమీందారులలో కొందరు కవులను ఆదరించినా పూర్వగ్రంథాల ప్రతులు వ్రాయించి నిలుపుకొనే శ్రద్ధ అంతటా లేదు. తాటియాకుకు ఆయువు పరిమితం. పురుగు తిన్న ఆకుల స్థానంలో కొత్తప్రతి వ్రాయించనిచో ఒకటి రెండు తరాలలో గ్రంథం నశిస్తుంది. వ్రాసే ప్రతి లేఖకుడూ కొన్ని తప్పులు చేర్చడం సహజం గనుక, వ్రాయించిన ప్రతులలో కూడా పాఠం క్రమంగా చెడుతూ వచ్చింది.

మరొకవైపు ముద్రణ వచ్చినా అది తెలుగువారి చేతికి రాలేదు. తెలుగు అక్షరాలతో తొలి ముద్రణలు 18వ శతాబ్దిలో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ కృషితో వెలువడ్డాయి. 1814లో శ్రీరాంపురంలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది. ఎ.డి. క్యాంబెల్ రచించిన వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో మద్రాసు కళాశాల అచ్చుకూటం నుంచి వెలువడ్డాయి. ఇవన్నీ మతప్రచారానికో, ఉద్యోగుల చదువుకో ఉద్దేశించినవి. మనుచరిత్రమో వసుచరిత్రమో అచ్చువేసి తెలుగు పాఠకునికి అమ్మవచ్చునన్న ఆలోచనకు ఇంకా ఆదరణ లేదు. ముద్రణకు లైసెన్సు నిబంధనలు అడ్డు. అక్షరాలు పోతపోయించడం, కాగితం తెప్పించడం ముందే పెట్టుబడి పెట్టవలసిన పనులు. పెట్టిన సొమ్ము ఎప్పటికి తిరిగి వచ్చునో చెప్పగలవారు లేరు. పాత పోషకుడు పోయి కొత్త కొనుగోలుదారు ఇంకా రాని సంధికాలమది. బ్రౌన్ ఆ సంధికాలంలో ప్రవేశించాడు.

వేమన: తొలి ప్రకటన

1822లో బ్రౌన్ మచిలీపట్నానికి బదిలీ అయినాడు. ఫ్రెంచి మతాచార్యుడు ద్యుబువా హిందువుల ఆచారవ్యవహారాలపై వ్రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన ఆయన కంటబడింది. 1824 ప్రాంతంలో వేమన పద్యాల వ్రాతప్రతులు సేకరించడం ఆరంభించాడు. ఆనాటి పండితులలో పలువురు వేమనను కవిగా పరిగణించేవారు కారు. ఆస్థానగౌరవం లేదు, అంకితం లేదు, ప్రౌఢకావ్యలక్షణం లేదు. కాని పద్యాలు మాత్రం దేశమంతటా నోటనోట తిరుగుతున్నాయి. పండితుల ఆదరణకూ ప్రజల ఆదరణకూ ఉన్న ఈ వ్యత్యాసాన్ని గ్రహించడంలో బ్రౌన్‌లోని ప్రకాశకుడు కనిపిస్తాడు. ఏ పుస్తకానికి పాఠకులు ముందుగానే ఉన్నారో గుర్తించడం ప్రకాశకునికి ప్రథమలక్షణం.

సేకరించిన ప్రతులలో పద్యాల సంఖ్య, క్రమం, పాఠం వేరువేరుగా ఉన్నాయి. ఒకే పద్యం పలు రూపాలలో కనిపించింది. బ్రౌన్ ప్రతులను పోల్చించి, పద్యాలకు వరుససంఖ్యలు వేయించి, అకారాదిసూచికలు కూర్పించి, తగిన పాఠం ఏరుకొన్నాడు. ఛందస్సుపై ఆయన ఆంగ్లంలో వ్రాసిన గ్రంథం 1827లో, 693 వేమన పద్యాలు ఆంగ్లానువాదంతో సహా 1829లో మద్రాసు కళాశాల అచ్చుకూటంలో ముద్రితమైనాయి.

ఈ తొలి ప్రకటనలలో ఆయనకు గ్రంథకర్త స్థితి ఎలాంటిదో అనుభవానికి వచ్చింది. కళాశాల అచ్చుకూటం ప్రభుత్వసంస్థ. అక్కడ ఏది అచ్చు కావాలో నిర్ణయించే అధికారం పాలకమండలిది. గ్రంథకర్త వ్రాసి ఇవ్వవచ్చు, విన్నవించవచ్చు. ప్రతుల సంఖ్య, పంపకం, విక్రయం అతని చేతిలో ఉండవు. ముద్రితగ్రంథం కూడా సామాన్య తెలుగు పాఠకునికి కాక, భాష నేర్చే ఆంగ్లోద్యోగికే ముందుగా చేరేది. అచ్చు కావడం వేరు, ప్రకటితం కావడం వేరు. పాఠకుని చేరని ముద్రణ భాండాగారంలో మరొక వ్రాతప్రతియే. పదేళ్ళ తరువాత 1839లో బ్రౌన్ 1164 పద్యాలతో వేమనను తిరిగి ప్రకటించాడు.

కడప బంగళా: గ్రంథపరిష్కరణ శాల

1826లో కడపకు తిరిగివచ్చిన బ్రౌన్ అక్కడ తోటతో కూడిన బంగళా కొన్నాడు. స్థానికులు దానిని బ్రౌను కాలేజీ అని పిలిచేవారు. అక్కడ విద్యార్థులు లేరు. పండితులు, లేఖకులు కూడి ప్రతులు పోల్చి శుద్ధప్రతులు సిద్ధపరచే చోటది. ఆ పనికి అయోధ్యాపురం కృష్ణారెడ్డి నిర్వాహకుడుగా వ్యవహరించాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి పండితులు బ్రౌన్ కొలువులో పనిచేశారు. వీరికి జీతాలు కంపెనీ ఖజానా నుంచి కాక, బ్రౌన్ సొంత జీతం నుంచి ముట్టేవి.

ఒక గ్రంథం సిద్ధం కావడానికి అక్కడ అనుసరించిన పద్ధతి గమనార్హం. మొదట ఒక కావ్యానికి వీలైనన్ని ప్రతులు వేర్వేరు ఊళ్ళ నుంచి తెప్పించేవారు. కొన్ని వెలకు, కొన్ని ఎరువుకు లభించేవి. ఎరువు తెచ్చిన తాళపత్రాలను కాగితంపై నకలు చేయించి తిరిగి ఇచ్చేవారు. తరువాత ఆ ప్రతులను పద్యం పద్యంగా పోల్చి పాఠభేదాలు పట్టిక వేసేవారు. పండితులు చర్చించి సాధుపాఠం నిర్ణయించేవారు. ఆపైన పద్యాలకు సంఖ్యలతో, పాఠభేదాలతో శుద్ధప్రతి వ్రాయించి జిల్దు కట్టించేవారు. అవసరమైన కావ్యాలకు టీక వ్రాయించేవారు. ఆ టీకలు, పద్యసూచికలు నిఘంటువుకు పదసామగ్రిగా కూడా ఉపకరించేవి. ఈ విధంగా ఒక వ్యయం మూడు ఫలాలనిచ్చింది: నశించబోయే గ్రంథానికి రక్ష, ముద్రణకు అనువైన ప్రతి, నిఘంటువుకు ప్రయోగాలు.

పద్యానికి సంఖ్య వేయడం నేడు సామాన్యవిషయంగా తోస్తుంది. కాని సంఖ్య ఉన్నప్పుడే సూచిక సాధ్యం. సూచిక ఉన్నప్పుడే ఒక పదం ఏ కవి ఎక్కడ ప్రయోగించాడో చూపడం సాధ్యం. గురువు ముఖతః పాఠం చెప్పుకొనే విద్యాపద్ధతిలో ఇవి అవసరం లేదు. అచ్చుపుస్తకాన్ని ఒంటరిగా చదువుకొనే పాఠకునికి మాత్రం ఇవి లేకుండా గడవదు. ప్రౌఢకావ్యానికి సులభశైలిలో టీక వ్రాయించాలన్న పట్టుదలకు కూడా కారణమిదే. గురువు లేని పాఠకుణ్ణి ఆయన ముందుగా ఊహించాడు.

ఈ పనికి అయిన వ్యయం జీతంతో తీరేది కాదు. బ్రౌన్ అప్పులు చేశాడు. కంపెనీ ఉద్యోగులు ధనం కూడబెట్టి స్వదేశానికి మరలే కాలమది. ఆయన పండితుల జీతాలకూ, లేఖకుల కూలికీ, కాగితానికీ ఋణగ్రస్తుడైనాడు. ఈ కృషి ఉద్యోగజీవితంలో ఆయనకు ఉన్నతి కలిగించలేదు. 1834లో ఉద్యోగం పోయి ఇంగ్లండుకు వెళ్ళవలసి వచ్చింది. ఆదాయం ఆగినా చేపట్టిన పనిని ఆయన విడువలేదు.

లండనులో ఉన్న కాలంలో ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణదేశపు వ్రాతప్రతులు చదివేవారు లేక పడి ఉండడం ఆయన చూశాడు. సంస్కృతాచార్యుడు హోరేస్ హేమన్ విల్సన్‌కు సహాయంగా వాటిని సర్దిపెట్టాడు. తెలుగు చదవలేనివారి మధ్య తెలుగు ప్రతులు ఉండి ప్రయోజనం లేదని భావించి, వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు సాధించాడు. పుస్తకం ఉండవలసినది దానిని చదివేవారి నడుమ అన్న అభిప్రాయమే ఈ పనికి ప్రేరణ.

మద్రాసు ప్రకటనలు

1837లో కంపెనీ బ్రౌన్‌ను పారశీక భాషానువాదకుడుగా మళ్ళీ నియమించింది. తరువాత తెలుగు అనువాదకుడుగా, కళాశాల పాలకమండలి సభ్యుడుగా, తపాలా శాఖాధికారిగా మద్రాసులో పనిచేశాడు. ఆయన ఇంగ్లండులో ఉన్న కాలంలోనే ముద్రణపరిస్థితులు మారాయి. 1835లో గవర్నర్ జనరల్ స్థానంలో ఉన్న చార్లెస్ మెట్కాఫ్ ముద్రణపై లైసెన్సు నిబంధనలు తొలగించాడు. మద్రాసులో దేశీయుల అచ్చుకూటాలు క్రమంగా వెలిశాయి. 1847లో ఇండియాలో గ్రంథస్వామ్యానికి తొలి శాసనం వచ్చింది. గ్రంథకర్త జీవితకాలం, ఆ పైన 7 సంవత్సరాలు, లేదా ప్రథమప్రకటన నుంచి 42 సంవత్సరాలు, వీటిలో ఏది ఎక్కువైతే అంతకాలం ఆ రచనపై హక్కు ఉంటుందని అది నిర్ణయించింది. అంకితంతో ముగిసే ప్రతిఫలం స్థానంలో, ప్రతి ముద్రణతోనూ గ్రంథకర్తకు సంబంధం నిలిపే భావన చట్టరూపంలో ప్రవేశించింది.

ఈ రెండవ దశలో బ్రౌన్ ప్రకటనలు విస్తరించాయి. 1840లో ఆంగ్లంలో ఆయన తెలుగు వ్యాకరణం వెలువడింది. దానికి 1857లో ద్వితీయముద్రణ వచ్చింది. తెలుగు భాషాసాహిత్యాలపై, జంగమ సంప్రదాయంపై ఆయన వ్యాసాలు మద్రాసు లిటరరీ సొసైటీ పత్రికలో ప్రకటితమైనాయి. నలద్విపద, గౌరన హరిశ్చంద్ర ద్విపద ముద్రణకు వచ్చాయి. ద్విపదను తక్కువచూపు చూసే పండితుల మధ్య ఆయన ద్విపదకావ్యాలను ఎన్నుకోవడం యాదృచ్ఛికం కాదు. పాడుకొనేందుకూ, సులభంగా చదువుకొనేందుకూ అనువైన రచనలకు పాఠకులు ఎక్కువమంది ఉంటారు. వేమన విషయంలో పాటించిన వివేచననే ఇక్కడ కూడా పాటించాడు.

ప్రౌఢకావ్యాలను కూడా ఆయన విస్మరించలేదు. జూలూరి అప్పయ్య టీకతో వసుచరిత్రము 1844లో, మనుచరిత్రము 1851లో వెలువడ్డాయి. టీక వ్రాసిన పండితుని పేరు గ్రంథంతో నిలిచిపోవడం ఇక్కడ చెప్పుకోదగిన విషయం. అయితే ఈ న్యాయం అందరికీ జరుగలేదు. పాఠాలు నిర్ణయించినవారు, ప్రతులు మోసుకొచ్చినవారు, సూచికలు వ్రాసినవారు, నిఘంటువుకు పదాలు చెప్పినవారు పలువురున్నారు. వారి శ్రమ జీతానికి చేసిన పనిగా ముగిసిపోయింది. పీఠికలలో ప్రస్తావన వేరు, ముఖపత్రంపై పేరు వేరు. పెట్టుబడి పెట్టినవానికి యశస్సు, పనిచేసినవానికి వేతనం అనే విభజన తెలుగు ముద్రణ ప్రారంభం నుంచీ ఉన్నదని బ్రౌన్ ప్రకటనలు తెలుపుతాయి. ఆయన ఔదార్యాన్ని కీర్తించేవారు ఈ అంశాన్ని కూడా గుర్తుంచుకోవడం ఉచితం.

నిఘంటువులు: వ్యయం, విక్రయం

బ్రౌన్ జీవితకృషికి శిఖరం నిఘంటువులు. తెలుగు–ఆంగ్ల, ఆంగ్ల–తెలుగు నిఘంటువులు 1852లోనూ, అన్యదేశ్యాలు చేరిన వ్యవహారభాషకు సంబంధించిన మిశ్రభాషా నిఘంటువు 1854లోనూ మద్రాసు వేపేరిలోని క్రైస్తవ విజ్ఞానసంఘం అచ్చుకూటంలో ముద్రితమైనాయి. అంతకు పూర్వపు క్యాంబెల్ నిఘంటువు ప్రధానంగా మామిడి వెంకయ్య ఆంధ్రదీపికపై ఆధారపడినది. బ్రౌన్ కావ్యప్రయోగాలతో పాటు కచేరీలో, సంతలో, పొలంలో వినిపించే మాటలను కూడా చేర్చాడు. పండితులు గ్రామ్యమని త్రోసివేసిన పదాలకు అచ్చులో స్థానం లభించింది.

నిఘంటువు ముద్రణ ఏ ప్రకాశకునికైనా కఠినపరీక్ష. రెండు లిపులు ఒకే పంక్తిలో రావాలి. గుణింతాలు, ఒత్తులు గల తెలుగుకు కూర్పరి వాడవలసిన అచ్చు అక్షరాలు వందలలో ఉంటాయి. కొన్ని పుటలు కూర్చి, అచ్చువేసి, ఆ అక్షరాలను విప్పి మళ్ళీ వాడుకోవాలి. కాబట్టి చిత్తుప్రతులు దిద్దడంలో ఆలస్యం జరిగితే అచ్చుకూటం పని ఆగిపోతుంది. సంవత్సరాల తరబడి పెట్టుబడి పెడుతూ పోవాలి గాని గ్రంథం పూర్తి కానంతవరకు ఒక్క రూపాయి కూడా తిరిగి రాదు. ఇట్టి గ్రంథాన్ని లాభాపేక్ష గల వర్తకుడు చేపట్టడు. ప్రభుత్వమో, ధర్మసంస్థయో, ఋణానికి వెనుదీయని వ్యక్తియో పూనుకోవాలి. తెలుగు నిఘంటువుకు ధర్మసంస్థకు చెందిన అచ్చుకూటమూ, అట్టి వ్యక్తీ కలిసి వచ్చారు.

ముద్రణసౌకర్యం దృష్టిలో ఉంచుకొని లిపిలోనూ వర్ణక్రమంలోనూ బ్రౌన్ కొన్ని సరళీకరణలు చేశాడు. అరసున్నను విడిచాడు, శకటరేఫను సాధురేఫతో కలిపివేశాడు, ఆంగ్లవిరామచిహ్నాలను తెలుగు వాక్యానికి అలవాటు చేశాడు. లాక్షణికులకు ఇవి రుచించలేదు. భాషాచరిత్ర తెలిసినవారికి శకటరేఫ లోపం నిజమైన లోపమే. ధాతుస్వరూపం నిర్ణయించేటప్పుడు ఆ భేదం అవసరమవుతుంది. అయినా సామాన్యపాఠకుడు వర్ణక్రమంలో వెదకుకొనే సౌలభ్యమే ఆయన ఆశయం. శాస్త్రనియమానికీ పాఠకసౌకర్యానికీ సంఘర్షణ వచ్చినప్పుడు బ్రౌన్ రెండవదాని పక్షం వహించాడు. ఇది పండితుని స్వభావం కంటె ప్రకాశకుని స్వభావానికి సన్నిహితం.

అదే కాలంలో మద్రాసులో మరొక మార్గం కూడా తెరచుకొన్నది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడి పాఠశాలలలో స్థిరపడింది. వావిళ్ల రామస్వామి శాస్త్రులు ముద్రాక్షరశాల 1854లో ఆరంభమైంది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడి పరీక్షలకు నియమితమైన గ్రంథాలకు నిశ్చితమైన కొనుగోలుదారులను కల్పించింది. పాఠ్యగ్రంథ విక్రయంతో వచ్చిన ఆదాయం కావ్యముద్రణ నష్టాన్ని పూడ్చే విధానం తరువాతి ప్రకాశకులకు ఆధారమైంది. బ్రౌన్‌కు ఈ ఆధారం లేదు. విపణి ఏర్పడకముందే సరకు సిద్ధం చేసినవాడు ఆయన.

చివరి దశ

అనారోగ్యం కారణంగా బ్రౌన్ 1855లో ఇండియా విడిచాడు. అంతకుముందే 1840ల దశకంలో తాను సేకరించిన రెండువేలకు పైగా వ్రాతప్రతులను మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. తరువాత అవి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారంలో చేరాయి. ధనంగా మార్చుకొనదగిన సంపదను, అప్పుల భారం ఎరిగినవాడై ఉండి కూడా, సంస్థకు ఇవ్వడం ఆయన జీవితంలో ముఖ్యమైన నిర్ణయం. వ్యక్తి చేతిలోని గ్రంథం వ్యక్తితో పోతుందని, సంస్థ చేతిలోనిది నిలుస్తుందని ఆయనకు తెలుసు. 20వ శతాబ్దిలో పలు కావ్యాలను పరిష్కరించిన పండితులకు బ్రౌన్ వ్రాయించిన కాగితపు ప్రతులు ఆధారాలుగా ఉపయోగపడ్డాయి.

లండనులో ఆయన ఖాళీగా కూర్చోలేదు. దక్షిణదేశ కాలగణనపై 1863లో గ్రంథం ప్రకటించాడు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. తన సాహిత్యవ్యాసంగాన్ని గురించి ఆంగ్లంలో సంగ్రహమైన ఆత్మకథ వ్రాసి అచ్చువేయించాడు. 1884 డిసెంబరు 12న లండనులో మరణించి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఖననమైనాడు.

ఆయన వృద్ధాప్యం గడిచిన లండనులోనే, 1870ల నుంచి గ్రంథకర్తల పక్షాన ప్రకాశకులతో బేరమాడే కొత్తవృత్తి రూపుదిద్దుకొన్నది. స్కాట్లండు నుంచి వచ్చిన ఎ.పి. వాట్ ఆ వృత్తికి ఆద్యుడుగా ప్రసిద్ధుడు. రచయిత వ్రాతప్రతిని తగిన ప్రకాశకునికి చేర్చడం, హక్కుల ఒప్పందం కుదర్చడం, రావలసిన సొమ్ము రాబట్టడం అతని పని. రచయితకు వచ్చినదానిలో నూటికి 10 వంతు అతని ప్రతిఫలం. మధ్యవర్తికి గ్రంథకర్త ఆదాయంతో సంబంధం ఉండడం వల్ల గ్రంథకర్త లాభమే తన లాభమనే సూత్రంపై ఆ వృత్తి నిలిచింది.

ఈ పోలికలో బ్రౌన్ స్థానం విశదమవుతుంది. ఆయన కూడా గ్రంథకర్తకూ పాఠకునికీ నడుమ నిలిచాడు. అయితే ఆయన పక్షం వహించిన గ్రంథకర్తలు వేమన, పెద్దన, రామరాజభూషణుడు, గౌరన. వారికి ఒప్పందం అవసరం లేదు, ఆదాయం అక్కరలేదు. వారి తరఫున ప్రతి వెదకినవాడు, పాఠం పరిష్కరించినవాడు, అచ్చుకూటం చూసినవాడు, ధనం పెట్టినవాడు, నష్టం భరించినవాడు ఒక్కడే. నేటి గ్రంథప్రచురణలో సంపాదకుడు, ఏజెంటు, ప్రకాశకుడు, దాత అని వేర్వేరుగా పేర్కొనే నాలుగు బాధ్యతలు ఆయనలో ఏకమైనాయి. నూటికి పదివంతులు పుచ్చుకొనే స్థానంలో ఆయన నూటికి నూరు వంతులు తానే ఇచ్చుకొన్నాడు.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది. ఒక వ్యక్తి త్యాగంపై నిలిచిన వ్యవస్థ ఆ వ్యక్తి వెళ్ళిపోగానే ఆగుతుంది. బ్రౌన్ వెళ్ళిన తరువాత పండితుల కొలువు చెదిరింది, కడప బంగళా శిథిలమైంది. ఆయన ఆరంభించిన పనిని నిలిపినవి పాఠశాలలు, విశ్వవిద్యాలయం, దేశీయ ముద్రాక్షరశాలలు, భాండాగారం. 1903లో వేంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం పంతులు పరిష్కరించిన ముద్రణతో తెలుగు–ఆంగ్ల నిఘంటువు కొత్తతరానికి చేరింది. మూలగ్రంథం వెలువడిన అర్ధశతాబ్దికి అది తిరిగి అచ్చు కావడమే దానికి పాఠకులు ఉన్నారనడానికి నిదర్శనం. పాఠకుడు వస్తాడని బ్రౌన్ చేసిన ఊహ ఫలించింది. ఆ ఫలం అనుభవించడానికి ఆయన లేడు.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో బ్రౌన్‌పై పరిశోధన పునరుజ్జీవించింది. ఆయన సాహిత్య ఆత్మకథను 1978లో జి.ఎన్. రెడ్డి, బంగోరె పరిష్కరించగా తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రచురించింది. కడపలో ఆయన బంగళా ఉండిన స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి అవిరళకృషితో బ్రౌన్ పేర గ్రంథాలయం వెలసింది. 2006లో ఏర్పడిన యోగివేమన విశ్వవిద్యాలయంలో అది భాషాపరిశోధన కేంద్రంగా భాగమైంది. వేమనను అచ్చుకెక్కించినవాని పేరనున్న గ్రంథాలయం వేమన పేరనున్న విశ్వవిద్యాలయంలో చేరడం సముచితంగా ఉన్నది. ఒకనాడు లేఖకులు కూర్చొని చెదలు తిన్న తాటియాకుల నుంచి కాగితానికి అక్షరాలు దించిన ఆ స్థలంలో నేడు పాఠకులు పుస్తకం తెరచుకొని కూర్చుంటున్నారు.